మా టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డుకి నా మార్కులు: అయిదుకి మూడున్నర

ముందే చెప్పేస్తాను, అయిదుకి మూడున్నర. న్యూజెర్సీలో ఇల్లు కొన్న మనవాళ్ళం ఏటా ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి ఉసూరుమంటాం. ఆ డబ్బుతో నడిచే స్కూలుకి మార్కులు వేస్తాం, మంచు ఎత్తే బండి ఆలస్యమైతే ఫోన్ చేసి దులిపేస్తాం. ప్లానింగ్ బోర్డు అని ఒకటుందని మాత్రం ఇంటి వెనక బుల్డోజరు కనపడేదాకా ఎవరికీ పట్టదు. అదీ మనకి అందాల్సిన సేవే కాబట్టి దానికీ ఒక రివ్యూ రాస్తున్నా.

మాది సెంట్రల్ జెర్సీలో మనవాళ్ళు బాగా ఉన్న టౌన్‌షిప్పుల్లో ఒకటి. పేరు రాయను. మీరుండే ఊరు వేరైనా ఇందులో చాలావరకు మీకూ పనికొస్తుంది, ఎందుకంటే రాష్ట్రంలోని ప్లానింగ్ బోర్డులన్నీ నడిచేది 1975లో వచ్చిన మునిసిపల్ లాండ్ యూజ్ లా ప్రకారమే.

సంగతేంటంటే, మా వీధి వెనక పెద్ద రోడ్డు మీద ఒక పాత ఆఫీసు భవనం ఉంది. కోవిడ్ తర్వాత పూర్తిగా ఖాళీ. దాని పార్కింగు లాటు మా పిల్లలకి సైకిలు నేర్పడానికీ, తర్వాత వాళ్ళకే కారు నేర్పడానికీ తప్ప దేనికీ పనికిరాలేదు. దాన్ని పడగొట్టి మూడంతస్తుల్లో రెండొందల పైచిలుకు అపార్ట్‌మెంట్లు కడతామని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టాడు. అందులో అయిదో వంతు తక్కువ ఆదాయం వాళ్ళకి, మిగతావి బజారు అద్దెకి.

మాకు తెలిసింది సర్టిఫైడ్ మెయిల్లో వచ్చిన ఉత్తరంతో. స్థలం హద్దు నుంచి 200 అడుగుల లోపు ఉన్న యజమానులందరికీ, హియరింగుకి కనీసం 10 రోజుల ముందు దరఖాస్తుదారుడే నోటీసివ్వాలి, పేపర్లోనూ వేయించాలి. ఈ నియమం మంచిదే. ఆ ఉత్తరం చదివితే మాత్రం ఏమీ అర్థం కాదు. అడ్రసు కంటే ముందు బ్లాకు నంబరు, లాటు నంబరు. తర్వాత 'ప్రిలిమినరీ అండ్ ఫైనల్ మేజర్ సైట్ ప్లాన్ అప్రూవల్', దాని వెంబడి 'బోర్డు అవసరమని భావించే ఇతర వేరియన్సులు, వేవర్లు' అని ఊపిరి తీసుకోకుండా ఒకే వాక్యం. ఎన్ని ఇళ్ళు కడుతున్నారో ఆరో పంక్తిలో ఉంది. మా ఎదురు వరసకి అసలు ఉత్తరమే రాలేదు. వాళ్ళు 200 అడుగులకి అవతల ఉన్నారు. దుమ్మూ, చప్పుడూ, కార్లూ ఆ గీత దగ్గర ఆగిపోతాయని చట్టం అనుకుంటుంది కాబోలు. అర మార్కు ఇక్కడే కోశాను.

ఆ ఉత్తరాన్ని మా ఇంట్లో పట్టించుకున్నది మా మావయ్యగారు. గుంటూరు వైపు మునిసిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్లో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. విజిటర్ వీసా మీద వచ్చి, టీవీలో వార్తలు చూసి చూసి విసిగిపోయి ఉన్నారు. ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, పక్కింటివాడికి ముందే చెబుతున్నారే! మన దగ్గర పక్కింటివాడికి తెలిసేది పునాది తవ్వినప్పుడు కదూ?" అన్నారు. ఆ వెంటనే, "ప్లాను ఎక్కడ చూపిస్తారు?" అని అడిగారు.

ప్లాను ఎవరైనా చూడొచ్చు. దరఖాస్తు, డ్రాయింగులు, రిపోర్టులు హియరింగుకి 10 రోజుల ముందు నుంచీ అందుబాటులో ఉండాలి. మా ఊళ్ళో వెబ్‌సైటులో కూడా పెడుతున్నారు. ఏ ఫైలు ఏమిటో పేరు చూసి కనిపెట్టడం మాత్రం మన వల్ల కాదు. దాంతో మునిసిపల్ బిల్డింగుకే వెళ్ళాం. కౌంటరు దగ్గర బల్ల మీద పెద్ద షీట్లు పరిచి ఇచ్చారు. సైట్ ప్లాను, గ్రేడింగు, డ్రైనేజీ, లైటింగు, చెట్లు, దేనికదే వేరే షీటు. మావయ్యగారు మొదటి షీటు మూలనున్న జోనింగు పట్టిక మీద వేలు పెట్టి, సెట్‌బ్యాకు ఎంత కావాలి, ఎంత ఇస్తున్నారు అని వరసగా చదువుకుంటూ పోయారు. చివరికి, "అన్నీ సరిపోయాయి. ఒక్క డీవియేషనూ లేదు. ఇక దీన్ని ఆపలేరు" అని తేల్చేశారు. హియరింగు ఇంకా మొదలే కాలేదు.

ఆయనన్నది నిజమే. మనవాళ్ళు ఎవరూ ఒప్పుకోని నిజం కూడా అదే. ప్లానింగ్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి 'ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టొచ్చా' అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఆ స్థలాన్ని ఏ జోనులో పెట్టాలో నిర్ణయించేది టౌన్‌షిప్ కౌన్సిలు, ఆర్డినెన్సు (అంటే ఊరి స్థాయి చట్టం) ద్వారా. బోర్డు చూసేది ఆ జోను రూల్సుకి ప్లాను లోబడి ఉందా లేదా అనే. లోబడి ఉంటే, మనకి నచ్చలేదన్న కారణంతో కాదనే అధికారం దానికి లేదు. ఈ ఒక్క ముక్క తెలియక హాల్లో ఆ రాత్రి ఎంత ఆవేశం వృథా అయిందో చెప్పలేను.

హియరింగు రాత్రి ఏడున్నరకి. హాలు నిండిపోయింది, గోడల వెంబడి నిలబడ్డారు. అందులో సగం మనవాళ్ళే. వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా 'అందరూ రండి, స్కూళ్ళు పాడైపోతాయి' అని ఊదరగొట్టారు మరి. జెండాకి వందనం, సమావేశం గురించి పేపర్లో ప్రకటించామన్న పాఠం, హాజరు. బోర్డులో తొమ్మిది మంది. మేయరు, టౌన్‌షిప్ తరఫున ఒకరు, కౌన్సిల్ సభ్యుడొకరు, మిగతా అందరూ ఊళ్ళో వాళ్ళు. జీతం లేదు. ఒకావిడ రిటైరైన టీచరు, ఒకాయన ప్లంబింగు వ్యాపారి. కొత్తగా చేరిన సభ్యులు 18 నెలల్లో ఒక శిక్షణ క్లాసు పూర్తి చేయాలని రాష్ట్రం నియమం పెట్టింది. వాళ్ళ పక్కన బోర్డు లాయరు, బోర్డు ఇంజినీరు, బోర్డు ప్లానరు. ఈ ముగ్గురి ఖర్చు చాలావరకు బిల్డరు డిపాజిట్ చేసిన ఎస్క్రో సొమ్ములోంచి పోతుంది, మన పన్నులోంచి కాదు.

అవతల బిల్డరు లాయరు, ఆయన వెనక నలుగురు సాక్షులు: సివిల్ ఇంజినీరు, ఆర్కిటెక్టు, ట్రాఫిక్ ఇంజినీరు, ప్లానరు. ఒక్కొక్కరూ చెయ్యెత్తి ప్రమాణం చేసి, తమ చదువూ లైసెన్సూ చెప్పుకుని మొదలుపెడతారు. చూపించే ప్రతి బొమ్మకీ ఏ-1, ఏ-2 అని నంబరు. అచ్చం కోర్టే. మావయ్యగారికి ఇది తెగ నచ్చింది. "మనకి ఫైలు మీద సంతకం ఒకటే. ఎవరేం చెప్పారో, ఎందుకు ఒప్పుకున్నారో ఎక్కడా ఉండదు" అని నా చెవిలో అన్నారు.

ఒక్కో సాక్షి చెప్పాక జనం ప్రశ్నలడగొచ్చు. ప్రశ్నలే, అభిప్రాయాలు కాదు. అభిప్రాయాలు సాక్షులందరూ అయ్యాక చివర్లో, మనం కూడా ప్రమాణం చేసి చెప్పాలి. ఈ తేడా ఎవరూ ముందుగా చెప్పరు. మొదట మైకు పట్టుకున్నాయన 'నేనీ ఊళ్ళో 22 ఏళ్ళుగా ఉంటున్నాను' అని మొదలెట్టగానే చైర్మన్ ఆపి, 'సర్, ప్రశ్న ఉందా?' అన్నాడు. ఆయనకి కోపం, వెనకున్న వాళ్ళకి అంతకంటే కోపం. నాలుగో సాక్షి అయ్యేసరికి పది దాటింది, పిల్లల్ని ఇంట్లో వదిలొచ్చిన వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అభిప్రాయాల వంతు వచ్చేటప్పటికి హాల్లో మూడో వంతే మిగిలింది. చెప్పాలని వచ్చినవాళ్ళు చెప్పకుండానే వెళ్ళారు. తలుపు దగ్గర అర పేజీ కాగితం పెడితే సరిపోయేది. పూర్తి మార్కు దీనికి కోశాను.

ట్రాఫిక్ ఇంజినీరు వంతు వచ్చినప్పుడు అందరూ ముందుకి వంగారు. మా వీధి చివర సిగ్నలు దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి ఎడమకి తిరగాలంటే రెండు సిగ్నళ్ళు పోతాయి, అది రోజూ పడే బాధ. ఆయన ప్రామాణిక పట్టికలు తీసి, అదే స్థలంలో ఆఫీసు నిండుగా ఉండి ఉంటే పొద్దుటి రద్దీలో ఇంతకంటే ఎక్కువ కార్లే వచ్చేవి అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఒకాయన లేచి, 'ఆఫీసు ఖాళీగా ఉంది కదయ్యా, సున్నాతో పోల్చు' అన్నాడు. చప్పట్లు. అప్పుడు బోర్డు లాయరు మైకు దగ్గరికి జరిగి నెమ్మదిగా చెప్పాడు. జోను అనుమతించిన వాడకానికి, బయటి రోడ్డు మీద రద్దీ ఉందన్న కారణంతో బోర్డు కాదనలేదు. లోపలికీ బయటికీ దారులు క్షేమంగా ఉన్నాయా, లోపల ఫైరింజను తిరుగుతుందా అన్నవి చూడొచ్చు. ఇలాగే స్కూలు పిల్లల సంఖ్య పెరుగుతుందన్న కారణంతోనూ కాదనలేదు. ఇది వినగానే మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ముఖం చూడాలి! తెచ్చుకున్న పవర్‌పాయింటంతా స్కూళ్ళ గురించే.

లాయరు చెప్పింది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. దక్షిణ జెర్సీలో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ ఉంది. అక్కడ తరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలు తమకి అందుబాటులో ఉండే 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామంటే టౌన్‌షిప్ జోనింగు ఒప్పుకోదంది. ఈథెల్ లారెన్స్ అనే ఆవిడ, మరికొందరూ కోర్టుకెళ్ళారు. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఏ ఊరైనా జోనింగు పేరుతో తక్కువ ఆదాయం వాళ్ళని బయట పెట్టడానికి వీల్లేదు, ప్రాంతం అవసరాల్లో తన వాటా ఇళ్ళకి చోటివ్వాల్సిందే అంది. ఊళ్ళు వినలేదు. 1983లో రెండో తీర్పు వచ్చింది. వాటా ఇవ్వని ఊరి మీద బిల్డరు దావా వేసి గెలిస్తే, కోర్టే కట్టుకోమనొచ్చు. దాన్నే బిల్డర్స్ రెమెడీ అంటారు. ఊళ్ళని నిజంగా భయపెట్టింది ఇదే. ఈథెల్ లారెన్స్ పోయాక గానీ ఆవిడ పేరుతో ఆ ఊళ్ళో ఇళ్ళు లేవలేదు.

మా ఆఫీసు స్థలం 2015 తర్వాత ఈ ఇళ్ళ వాటా మీద ఊళ్ళు కోర్టులో చేసుకున్న మూడో విడత సెటిల్‌మెంట్లలో అపార్ట్‌మెంట్ల జోనుగా మారిందట. కౌన్సిలు ఆ ఆర్డినెన్సు మీద పబ్లిక్ హియరింగు పెట్టిన రోజు హాల్లో ఎంతమంది ఉన్నారో తర్వాత మినిట్స్ తీసి చూశాను. మాట్లాడింది ఇద్దరు. ఒకరు బిల్డరు తరఫు మనిషే. నిలబడ్డానికి చోటు దొరకని ఈ జనమంతా ఆ రోజు వచ్చి ఉంటే, మూడంతస్తులా రెండా, వెనక ఎంత దూరం వదలాలి, ఎకరానికి ఎన్ని ఇళ్ళు అన్న సంగతులన్నీ మాట్లాడ్డానికి దొరికేవి. ఇప్పుడు అవన్నీ పట్టికలో అంకెలు.

'అఫర్డబుల్' అన్న మాట వినగానే మనవాళ్ళలో కొందరి మాట తీరు మారిపోవడం నాకు సిగ్గనిపించింది. 'ఎలాంటి వాళ్ళొస్తారో' అని ఒకాయన తెలుగులో పక్కవాళ్ళతో, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో అన్నాడు. ఎవరొస్తారు? ఈ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాకా ఉన్న కుటుంబాలు మోడరేట్, సగం లోపు ఉంటే లో, 30 శాతం లోపైతే వెరీ లో. మా అబ్బాయి స్కూల్లో టీచర్స్ ఎయిడు, నేను పనిచేసే ఫార్మసీలో ఇద్దరు టెక్నీషియన్లు అందులోకి వస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి రోజూ పెన్సిల్వేనియా నుంచి కారేసుకుని వస్తుంది. ఆయన పిల్లల మందులు కట్టి ఇచ్చేది ఆ అమ్మాయే.

పార్కింగు మీద మాత్రం బోర్డు చేతిలో కూడా పెద్దగా ఏమీ లేదు, ఉన్నంతలో బాగా అడిగారు. ఎన్ని కార్లకి చోటుండాలన్నది ఊరు కాదు, రాష్ట్రం నిర్ణయిస్తుంది. మా దగ్గర కడుతున్నటువంటి అపార్ట్‌మెంట్లకి ఒక బెడ్‌రూమైతే ఇంటికి 1.8 కార్ల చోటు, రెండైతే 2, మూడైతే 2.1. అందులోనే ఇంటికి అర కారు చొప్పున చుట్టాల కోసం. అర కారులో వచ్చే చుట్టాలు మన దగ్గర ఎవరున్నారో నాకు తెలియదు! సత్యనారాయణ వ్రతం అంటే చాలు, మా వీధి రెండు వైపులా మినీవాన్లు నిండిపోతాయి. ఇంకో మెలిక ఎలక్ట్రిక్ కార్లది. 2021 చట్టం ప్రకారం అయిదు, అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న చోట 15 శాతం స్థలాలకి ఛార్జింగు ఏర్పాటుండాలి. అలాంటి ఒక్కో స్థలాన్నీ రెండుగా లెక్కేసుకోవచ్చు, మొత్తం తగ్గింపు 10 శాతం మించకూడదు. మావయ్యగారు కవరు వెనక లెక్క వేసి చూపించారు. 400 కావాల్సిన చోట 360 వేస్తే చాలు. పైగా ఛార్జర్లు కూడా మొదట్లో మూడో వంతుకే బిగిస్తారు, మిగతావి మూడేళ్ళకి కొన్ని, ఆరేళ్ళకి కొన్ని. ప్లంబింగు వ్యాపారి అయిన సభ్యుడు ఇదే పట్టుకుని, ఛార్జింగు స్థలాల్లో మామూలు కారు పెడితే ఏం చేస్తారు, చుట్టాల చోటు గుర్తు పెడతారా అని గట్టిగా నిలదీశాడు. చుట్టాల చోట్లకి బోర్డులు పెట్టడానికి బిల్డరు ఒప్పుకున్నాడు.

నా దృష్టిలో ఆ రాత్రి బోర్డు తన జీతం లేని కష్టానికి విలువ తెచ్చుకున్నది వాననీటి దగ్గర. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వచ్చినప్పుడు మ్యాన్‌విల్ లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. మా వీధిలో నది లేకపోయినా నాలుగిళ్ళ బేస్‌మెంట్లలోకి నీళ్ళొచ్చాయి. మా సంప్ పంపు కరెంటు పోగానే ఆగిపోయింది. కిందికి దిగితే బియ్యం బస్తాలు తడిసి కూర్చున్నాయి. అందుకే డ్రైనేజీ షీటు మావయ్యగారు మూడుసార్లు చూశారు. ఆయన్ని ఆపింది ఒక సన్న గీత. వాననీటిని పట్టి ఆపే కొత్త గుంట, అదే బేసిన్, నిండితే పొంగిన నీళ్ళు పోవడానికి గడ్డి కాలువ ఒకటి గీశారు. దాని బాణం గుర్తు మా వరస కంచె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి ఎటు? కాంటూరు అంకెలు చూస్తే మా పెరళ్ళే పల్లం. "అమ్మాయ్, ఇది అడుగు. మిగతావి వదిలెయ్" అన్నారు.

సివిల్ ఇంజినీరు చెప్పడం అయ్యాక అడిగాను. షీటు నంబరు చెప్పి, 'బేసిన్ పొంగినప్పుడు నీళ్ళు కంచె దాటాక ఏ పైపులో పడతాయి?' అన్నాను. ఆయన షీటు తిప్పి చూసి, వందేళ్ళకొకసారి వచ్చే వానకి కూడా బేసిన్ పొంగదన్నాడు. అప్పుడు బోర్డు ఇంజినీరు అందుకుంది. ఆవిడ గొంతు పెంచలేదు. 'పొంగదని డిజైను. పొంగితే ఎటు అన్నది ఆమె ప్రశ్న. ఔట్‌లెట్టు ఆకులతో మూసుకుపోతే?' అంది. రాష్ట్రం 2023 జులైలో తెచ్చిన ఇన్‌లాండ్ ఫ్లడ్ రూలు రాబోయే కాలంలో పెరిగే వానల్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది కదా, ఆ లెక్కతో వేశారా అని అడిగింది. వేశామన్నాడు. బేసిన్‌ని ఎవరు శుభ్రం చేస్తారు, రికార్డు ఎక్కడుంటుంది, ఏటా టౌన్‌షిప్పుకి పంపిస్తారా అని ఒకదాని తర్వాత ఒకటి. పది నిమిషాలయ్యాక ఆ గడ్డి కాలువ చివర ఒక ఇన్‌లెట్టు కట్టి, పైపుతో రోడ్డు పక్క డ్రైనుకి కలుపుతామని బిల్డరు లాయరు ఒప్పుకున్నాడు. ఆమోదం షరతుల్లో అది రాశారు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడున్న ఆఫీసు లాటు పూర్తిగా తారు, దానికి బేసినే లేదు. ఐడా రాత్రి మా పెరళ్ళలోకి వచ్చిన నీళ్ళు అక్కడివే. కొత్త రూల్సుతో కట్టే అపార్ట్‌మెంట్లు ఆ తారు కంటే మాకు నయం. ఇది వాట్సాప్ గ్రూపులో రాస్తే నన్ను బిల్డరు మనిషన్నారు. అననీండి.

లైట్ల స్తంభాలు ఎత్తు తగ్గించి, వెలుగు మా కిటికీల వైపు పడకుండా మూతలు పెట్టించారు. చెత్త డబ్బాల గది మా కంచె నుంచి అవతలి మూలకి మార్చారు. చెట్ల షీటులో కంచెలా పెంచే మామూలు ఆర్బర్‌వైటీ చెట్లు రాసుంటే రిటైర్డ్ టీచరు చూసి నవ్వింది. 'రెండు చలికాలాల్లో జింకలు నడుం ఎత్తు దాకా తినేస్తాయి' అని గ్రీన్ జయింట్ రకం రాయించింది. ఊళ్ళో ఉండే మనిషి బోర్డులో ఉంటే లాభం ఇదీ. ఏ కన్సల్టెంటుకీ మా జింకల సంగతి తెలియదు.

ఓటింగులో ఒక్కరు తప్ప అందరూ సరేనన్నారు. దరఖాస్తు పూర్తిగా అందాక ఇంత పెద్ద ప్రాజెక్టుకి బోర్డుకి ఉండే గడువు 95 రోజులు. ఎక్కువసార్లు బిల్డరే పొడిగింపు ఇస్తాడు. మావయ్యగారికి ఇది నత్తనడక. తెలంగాణలో 2020 చట్టం పెద్ద భవనాలకి కూడా 21 రోజులే ఇచ్చింది, 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదంది, అని ఆయన వాదన. గడువు దాటితే ఆమోదించినట్టే అన్న నిబంధన రెండు చోట్లా ఉంది. వేగంలో మనవాళ్ళదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ అక్కడే 2020లో అనుమతి లేని ప్లాట్లని క్రమబద్ధీకరిస్తామంటే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ముందు కొను, తర్వాత ఫీజు కట్టు. ఇక్కడ మా పక్కింటాయన తన సొంత పెరట్లో డెక్ రెండడుగులు పెంచుకోవడానికి జోనింగ్ బోర్డు ముందు నిలబడాల్సి వచ్చింది. అది వేరే బోర్డు, వేరే కథ. పెరట్లో సిమెంటు పరిచేముందు మీ లాటులో ఎంత శాతం నీరింకని నేల ఉండొచ్చో ఒకసారి చూసుకోండి, అంతవరకు చెబుతాను.

మన ఊళ్ళో ఇంకా రాబోయేవి ఉన్నాయి. 2024 మార్చిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం రాష్ట్రం ఈ ఇళ్ళ వాటాల నాలుగో విడత లెక్క వేసింది. 2025 నుంచి 2035 దాకా రాష్ట్రం మొత్తం మీద 84,698 అందుబాటు ఇళ్ళు. ఊళ్ళు తమ ప్లానులు 2025 జూన్ 30కి ఇవ్వాలి, వాటికి తగ్గ జోనింగు ఆర్డినెన్సులకి గడువు 2026 మార్చి 15 అని చట్టంలో రాసుంది. మీ ఊరి ప్లానులో ఏ స్థలాలు రాశారో వెబ్‌సైటులో 'హౌసింగ్ ఎలిమెంట్ అండ్ ఫెయిర్ షేర్ ప్లాన్' అన్న ఫైల్లో ఉంటుంది. పొడుగ్గా ఉంటుంది, అన్నీ చదవక్కర్లేదు. వెనక మ్యాపులు చూసి మీ వీధి వెతుక్కోండి. పన్ను రాయితీ, అంటే బిల్డరు మామూలు ప్రాపర్టీ టాక్సుకి బదులు ఊరికి వేరే సొమ్ము కట్టే పైలట్ ఒప్పందం గురించి మాట్లాడాలంటే కూడా ప్లానింగ్ బోర్డు కాదు, కౌన్సిలు మీటింగుకి వెళ్ళాలి. ఆ ఒప్పందంలో వచ్చే సొమ్ములో 5 శాతం కౌంటీకి, మిగతాది ఊరికి పోతుంది, స్కూళ్ళకి ఇవ్వాలన్న నియమం లేదు. స్కూళ్ళ మీద అంత బెంగ ఉన్నవాళ్ళు పవర్‌పాయింటు తీసుకెళ్ళాల్సిన చోటు అది.

తీర్పు కాగితం, అంటే రిజల్యూషను, ఓటేసిన రోజున రాదు. 45 రోజుల్లోపు ఇంకో మీటింగులో దాన్ని చదివి ఆమోదిస్తారు. అది తప్పకుండా తెప్పించుకుని షరతులు చదవండి. మా ఇన్‌లెట్టు మొదటి డ్రాఫ్టులో లేదు. అడిగితే చేర్చారు. కోర్టుకెళ్ళాలనుకునే వాళ్ళకి ఆ నిర్ణయం పేపర్లో పడిన రోజు నుంచి 45 రోజులు టైముంటుంది.

ఆ డ్రాఫ్టు నాకు పంపింది, ఏ షరతు ఏ పేజీలో ఉందో చూపించింది, ఉత్తరంలోని బ్లాకు నంబరు మ్యాపు మీద ఎలా చూడాలో మావయ్యగారికి ఓపిగ్గా చెప్పింది బోర్డు సెక్రటరీ. ఆవిడ ఒక్కదానికే అయితే అయిదుకి అయిదు వేసేదాన్ని. ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్‌కి పోతుంది, ఈమెయిల్‌కి రెండు రోజులు పడుతుంది, కౌంటరు దగ్గరికే వెళ్ళండి. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా కౌంటరు మూసేస్తారు.